చక్రతీర్థానికి వచ్చే మేనకోడలికి

శ్రీముఖలింగం

అమ్మా,

ఈసారి శివరాత్రికి రానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పరీక్షలున్నాయని అన్నావట. కిందటిసారి మన అరుగు మీద కూర్చున్నవాళ్ళు నిన్ను అడిగినవన్నీ నేనూ విన్నాను. "ఏటమ్మా, ఇంత చిన్న గుంటకి షుగరేటి?" "చాక్లెట్లు ఎక్కువ తినేసుంటాది." "ఇంజెక్షనే మొదలెట్టినారా? అయితే ఆఖరికొచ్చినట్టే." ఆ మాటలకి జడిసి నువ్వు ఊరు మానుకోకూడదు. అందుకే రాస్తున్నాను.

వాళ్ళు అలా ఎందుకంటారో ముందు చెప్తాను. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరుందని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో లెక్క చెప్పింది. అందులో చాలావరకు నాలాంటి టైప్ 2 వాళ్ళమే. వయసు మీద పడ్డాక వచ్చింది, మాత్రలు వేసుకుంటాం, నడుస్తాం, అన్నం తగ్గిస్తాం. ఏళ్ళు గడిచి మాత్రలు చాలనప్పుడు కొందరికి ఇన్సులిన్ మొదలుపెడతారు. ఊరు చూసింది ఇదే. నీది టైప్ 1. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నీ ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున పాడుచేసింది. తీపి తిన్నందుకు కాదు, మీ అమ్మ గారాబం చేసినందుకు కాదు. నీకు ఇన్సులిన్ మొదటిరోజు మందే. నా జబ్బుకి చెప్పాల్సిన సలహాలన్నీ తెచ్చి నీకు చెప్తున్నారు, అంతే.

1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు నీలాంటి పిల్లలకు తిండి బాగా తగ్గించి, కొన్నాళ్ళు ఎక్కువ బతికించడం తప్ప డాక్టర్ల చేతిలో వేరే ఉపాయం లేదు. కాబట్టి "ఆకు పసరు ఇస్తాను, సూది మానెయ్" అనేవాళ్ళ దగ్గర మొహమాటపడకు. నేనే ఇచ్చినా తాగి సూది మానకు. ఇన్సులిన్ ఆపితే నీ ఒంట్లో కీటోన్లు పెరిగి రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. సూది మానమనే మాటలు అమ్ముకుని బతికేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. మిగిలినవాళ్ళ మీద లేదు.

ఆ మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి జవాబు అక్కర్లేదు. "చోడి అంబలి తాగితే మా మరిదికి తగ్గిపోనాది" అంటే "అలాగే అత్తా" అను. చోళ్ళలోనూ పిండిపదార్థమే, దానికీ నువ్వు డోసు లెక్క వేసుకోవాలి, కానీ ఆ లెక్క ఆవిడకి చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. "అన్నం తింతన్నావేటి?" అని పొద్దున గద్దించిన మనిషే సాయంత్రం "ఒక్క అరిసి తింతే ఏటౌతాది?" అని చేతిలో పెడుతుంది. ఆ రెండింటిలోనూ ప్రేమే ఉంది. నీ కంచంలో ఏముండాలో నీకూ నీ డాక్టరుకీ తెలిస్తే చాలు.

కిడ్నీల మాట మాత్రం మన జిల్లాలో వేరే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, ఆ ఉద్దానంలో, ఎన్ని ఇళ్ళు డయాలసిస్‌తో చితికిపోయాయో చూసినవాళ్ళం. అందుకే "సూదులు కిడ్నీలు తినేస్తాయి" అని ఎవరన్నా అంటే అందరూ నమ్ముతారు. ఉద్దానం జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు, అక్కడ చాలామంది రోగులకి షుగరే లేదు. ఇన్సులిన్ కిడ్నీలను పాడుచెయ్యదు. ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్ పాడుచేస్తుంది. ఆ సూదుల మాట అన్నవాళ్ళని విసుక్కోకుండా నెమ్మదిగా ఇదే చెప్పు. వాళ్ళది చుట్టూ చావులు చూసిన భయం. నీ డాక్టరు చెప్పినప్పుడల్లా మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకో.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. శివరాత్రి ఉత్సవంలో చక్రతీర్థ స్నానం నాడు వంశధార ఒడ్డున ఎంత జనమో నీకు తెలుసు. ఒరిస్సా నుంచి కూడా వస్తారు. ఆ ఎండలో, ఆ నడకలో నీకు షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారు? "గాలి సోకిందర్రా" అంటారు. లేదా ఇంకా ప్రమాదం, "షుగరున్న పిల్ల, తీపి పెట్టకండి" అంటారు. పంచదార ప్రాణం నిలిపే నిమిషంలో పంచదారే లాగేసుకుంటారు. ఈ ఒక్క విషయంలో నువ్వు సిగ్గు పడకూడదు, ఊరుకోకూడదు. నాకూ, మీ పిన్నికీ, నీ పక్కన నడిచే పిల్లలకీ ముందే చెప్పు: మీటరులో 70కి తగ్గితే మూడు నాలుగు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా పెరగకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యాలి. హాస్టల్లో నీ గదిలో వాళ్ళకీ ఇది తెలియాలి. నీ జబ్బు దాచమని మీ నాన్న అంటున్నాడట. ఆయనతో నేను మాట్లాడతాను.

ఉపవాసం, జాగరణ గురించి అమ్మమ్మ పట్టుపడుతుంది. "మన ఊరి మధుకేశ్వరుడు చూసుకుంటాడు" అంటుంది. తినకపోయినా లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఆపకూడదని, షుగర్ పడిపోతే వెంటనే తీపి తినక తప్పదని నీకు తెలుసు. అందుకని డాక్టరు ఒప్పుకోకుండా ఉపవాసం ఉండొద్దు. అమ్మమ్మతో నువ్వు వాదించకు. గుడిలో అర్చకుల చేత చెప్పిస్తాను, వాళ్ళ మాట ఆవిడ వింటుంది.

పెళ్ళి గురించి అడిగేవాళ్ళకి ఏం చెప్పాలని మీ అమ్మ ఏడుస్తోంది. నీకింకా చదువుంది. షుగరొస్తే బతుకు ఆగిపోదు. పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రంకి 1997లో షుగర్ బయటపడింది, ఇన్సులిన్ తీసుకుంటూనే 1999 ప్రపంచకప్ ఫైనల్లో జట్టుకి కెప్టెన్‌గా ఉన్నాడు. టైప్ 1 ఉన్న ఆడపిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని కన్నారు. గర్భానికి ముందు నుంచే షుగర్ గట్టిగా అదుపులో ఉంచుకోవాలి, అది అప్పటి మాట. సంబంధం వచ్చిన రోజున దాచకుండా చెప్పి, విని నిలబడ్డవాడికే ఇద్దాం.

రైలు అయితే తిలారులో దిగు, బస్సయితే నరసన్నపేట నుంచి ఫోను చెయ్యి, నేనే వస్తాను. ఇన్సులిన్ పెన్నులు, మీటరు, స్ట్రిప్పులు పెద్ద బ్యాగులో కాకుండా చేతిసంచీలోనే పెట్టుకో. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో నీకోసం చోటు ఖాళీ చేయించాను. వచ్చిన సాయంత్రమే మీటరు ఎలా వాడాలో పిన్నికి నేర్పు, తను నేర్చుకుంటానని అప్పుడే అడుగుతోంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య