రక్తపోటు – చప్పుడు చేయని శత్రువు

“ఆరోగ్యమే మహాభాగ్యం” అన్నారు పెద్దలు. మన హాస్టల్‌లో చదివే చాలామంది తల్లిదండ్రులు రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళు. ఇంటి పెద్దకు పక్షవాతం వస్తే కూలి ఆగిపోతుంది, అప్పు మొదలవుతుంది, చివరికి అది పిల్లల చదువు మీదికి వస్తుంది. ఆ పక్షవాతానికి ముఖ్య కారణం అధిక రక్తపోటు. కాబట్టి ఇది పెద్దల జబ్బు, మనకెందుకు అనుకోకుండా మనమూ తెలుసుకోవాలి.

రక్తపోటు అంటే ఏమిటి?

గుండె పంపే రక్తం ధమనుల గోడల మీద కలిగించే ఒత్తిడినే రక్తపోటు అంటారు. కుళాయికి తగిలించిన రబ్బరు పైపు కొసను వేలితో నొక్కితే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి. దారి ఇరుకైతే ఒత్తిడి పెరుగుతుందన్నమాట. అలాగే చిన్న రక్తనాళాలు బిగుసుకున్నా, ఒంట్లో ఉప్పు, నీరు ఎక్కువైనా రక్తపోటు పెరుగుతుంది.

ఎలా కొలుస్తారు?

చేతికి పట్టీ చుట్టి కొలిచే పరికరాన్ని 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచీ తయారుచేశాడు. స్టెతస్కోపుతో శబ్దాలు విని రెండు అంకెలూ గుర్తించే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చెప్పాడు. 120/80లో పై అంకె గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె సడలినప్పటి ఒత్తిడి. వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే అధిక రక్తపోటు అంటారు. చూపించుకునే ముందు అరగంట వరకు టీ, బీడీ, చుట్ట ముట్టకూడదు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, మాట్లాడకూడదు.

ఎందుకు ప్రమాదం?

చాలామందికి ఏ బాధా తెలియదు. తల తిరిగితేనే బీపీ అనుకోవడం పొరపాటు. బాధ లేకుండానే ఏళ్ళ తరబడి గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్ళు దెబ్బతింటాయి.

ఏం చేయాలి?

1. రోజుకు ఒక మనిషికి ఉప్పు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించరాదు. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపల్లోని ఉప్పూ లెక్కలోకి వస్తుంది. సైంధవ లవణం కూడా ఉప్పే.
2. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు ఎక్కువగా తినాలి.
3. పొగాకు, సారా మానాలి. బరువు పెరగకుండా చూసుకోవాలి. కూర్చుని పనిచేసేవారు రోజూ అరగంట నడవాలి.
4. డాక్టరు ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకోవాలి. “బీపీ తగ్గింది కదా” అని మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. తగ్గింది మాత్ర వల్లనే! పక్కింటివారి మాత్రలు వాడరాదు.

మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా నాటువైద్యమంటూ తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వాలి.

మన వంతు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ ఉచితంగా చూస్తారు, మాత్రలూ ఉచితంగా ఇస్తారు. మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలను, తాతయ్య, నాయనమ్మలను అక్కడికి వెంటబెట్టుకుని వెళ్దాం. వచ్చిన అంకెలను తేదీతో సహా నోటు పుస్తకంలో రాసి పెడదాం. మనం నేర్చుకున్న చదువు మొదట మన ఇంటికే ఉపయోగపడాలి.