విడిచిన చదువు

సార్వత్రిక విద్యాపీఠమువారి పదవ తరగతి పరీక్ష జరుగు దినమున పరీక్షామందిరము కడ నిలిచి చూచినచో, చంటిబిడ్డను తల్లిచేతికిచ్చి లోనికి పోవు స్త్రీలును, కూలిపని మాని వచ్చిన యువకులును, తల నెరసినవారును కానవత్తురు. వీరందరు చిన్ననాట బడి విడిచినవారు. పేదరికమో, బాల్యవివాహమో, ఊరిలో బడి లేకపోవుటయో, కారణమేదైనను వారి చదువు విడిచిన చోటనే నిలిచిపోయెను. దానిని మరల అందుకొనుట సాధ్యమా? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానము చెప్పిన తెలుగు వనిత దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. 8 ఏండ్ల ప్రాయముననే ఆమెకు వివాహమయ్యెను. పెరిగి పెద్దయైన పిదప ఆమె ఆ బంధమునుండి తొలగెను. దేశాభిమానముచే ఆంగ్లమున బోధించు బడిని విడిచి, హిందీ నేర్చి, కాకినాడలో స్త్రీలకు హిందీ పాఠశాల నెలకొల్పెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాల కేగెను.

చెరసాలలోని తోడి స్త్రీల దుస్థితి ఆమె మనస్సును కలచివేసెను. వారిలో పెక్కురు చదువు రానివారు. న్యాయస్థానమున తమ పక్షమున ఏమి చెప్పుకొనవలెనో యెరుగక శిక్షపడిన అభాగినులును అందుండిరి. వీరికి తోడ్పడవలెనన్నచో న్యాయశాస్త్రము తెలియవలెను. న్యాయశాస్త్రము చదువుటకు పట్టభద్రత కావలెను. దానికి ముందు మెట్రిక్యులేషను కావలెను. ఆ మొదటి మెట్టే ఆమెకు లేదు!

1933లో విడుదల యగునప్పటికి ఆమెకు 24వ యేడు. వేలాది జనుల యెదుట ఉపన్యసించిన నాయకురాలు బడిపిల్లల పుస్తకములు ముందుంచుకొని కూర్చుండుట సులభము కాదు. చిన్ననాట వలదని విడిచిన ఆంగ్లమునే ఇప్పుడు పట్టుదలతో నేర్వవలసి వచ్చెను. ఆమె అందుకు సిగ్గుపడలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలయ్యెను. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదను అడ్డంకి యెదురయ్యెను. ఆమె పత్రికలలో ప్రకటన చేసి, తనవలెనే చదువగోరు బాలికలను కూడగట్టి, వసతిగృహమును తామే ఏర్పరచుకొనునట్లు చేసెను. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందెను. 1946లో రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలయ్యెను.

తాను దాటిన ఏటికి పరులకొరకు వంతెన కట్టుట ఆమె స్వభావము. మద్రాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బడి విడిచిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషను పరీక్షకే సిద్ధపరచెను. ఆమె తొలి అధ్యక్షురాలుగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లో వయోజన స్త్రీల కొరకు సంక్షిప్త విద్యాక్రమమును ఆరంభించెను. పెక్కేండ్ల పాఠములను రెండేండ్లలో నేర్పి పరీక్షకు పంపుట దాని ఉద్దేశము.

నేడు ఈ మార్గము మరింత విశాలమైనది. 1989లో జాతీయ సార్వత్రిక విద్యాలయమును, 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠమును ఏర్పడినవి. వీనినే జనులు ‘ఓపెన్ స్కూలు’ అందురు. తెలంగాణమునకును ఇట్టి సంస్థ కలదు. 14 ఏండ్లు నిండి, చదువను వ్రాయను వచ్చినవారు వీనియందు పదవ తరగతికి చేరవచ్చును. జాతీయ సంస్థయందు 5 విషయములలో ఉత్తీర్ణులైన చాలును. వానిని ఒక్కమారే వ్రాయనక్కరలేదు. 5 ఏండ్లలో 9 అవకాశములు లభించును. ఒకమారు గట్టెక్కిన విషయమును మరల వ్రాయ బనిలేదు.

అయినను పెద్దవారి చిక్కులు వేరు. మొదటిది సిగ్గు. రెండవది తీరిక లేమి. మూడవది చేతి బిగువు. ఏండ్ల తరబడి కలము పట్టని చేయి గంటల కొలది ఎడతెగక వ్రాయజాలదు. జవాబు తెలిసియు, వ్రాయుటకు కాలము చాలక తప్పినవారు కలరు. కావున పుస్తకము చదువుటతో తృప్తిపడక, దినమునకొక పుటయైనను పుస్తకము మూసి వ్రాయవలెను. పాత ప్రశ్నపత్రమును గడియారము ముందుంచుకొని పూర్తిచేయవలెను. తెలిసిన విషయముల పరీక్ష ముందు వ్రాసి, కఠినమైనవానికి వ్యవధి మిగుల్చుకొనవలెను.

పెద్దవారికొక బలమును కలదు. అది అనుభవము. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన గృహిణి, ఏడాదికి నూటికి 24 రూపాయలని తడుముకొనక చెప్పును. ఆ లెక్కయే పుస్తకమున సూత్రరూపమున కనబడగా బెదరును. ఆ సూత్రము తానెరిగిన లెక్కకే మారుపేరని తెలిసిన క్షణమున ఆమె భయము తొలగును.

బాలబాలికలారా! మీ యింటనో, మీ వీథిలోనో, ఐదవ తరగతితో చదువు విడిచిన తల్లియో, పినతల్లియో ఉండవచ్చును. మీరు నేడు చేయుచున్న లెక్కలే రేపు ఆమెకును కావలసినవి. “ఈ వయసున నీకు చదువెందుకు?” అని నవ్వకుడు. సాయంకాలము కొంతసేపు ఆమె చెంత కూర్చుండి ప్రశ్న చదివి వినిపింపుడు. ఆమె వ్రాసినది ఓర్పుతో దిద్దుడు. ఒకరికి నేర్పిన పాఠము మీకును మరింత స్థిరపడును. దీపమొకటే యైనను దాని వెలుగున ఇరువురు చదువుకొనవచ్చును.