ద్రాక్షకొండల బాటలో కొండ సైకిలు

ఫ్రాన్సు దేశపు తూర్పు సరిహద్దున, రైను నదికిని వోజ్ పర్వతములకును నడుమ, అల్సాస్ అను సీమ కలదు. ఉత్తరమున మార్లెన్‌హైమ్ మొదలు దక్షిణమున తాన్ పట్టణము వరకు, కొండల పాదము వెంబడి, ద్రాక్షతోటలు బారులు తీరియున్నవి. ఈ తోటల గ్రామములను కలుపు సుమారు 170 కిలోమీటర్ల మార్గమును 1953లో యాత్రికులకై ప్రారంభించిరి. నేడు అచ్చట మోటారు బండ్లతో పాటు సైకిళ్లును విశేషముగ సాగుచుండును. తోటల నడుమ సైకిలు బాటయు, దానికి పైన అడవిలోనికి ఎక్కు కొండబాటలును కలవు.

ఈ పాఠమున మనము కొండ సైకిలు నెక్కి ఆ సీమలో కొంత దూరము పోవుదము. ద్రాక్షరసమును పులియబెట్టి చేయు పానీయమును పొగడుట మా ఉద్దేశము కాదు. విద్యార్థులకు దానితో పని లేదు. ఒక కొండవాలు తన రాతిని, తన రైతుల శ్రమను, తన జనుల భాషను ఎట్లు నిలుపుకొనునో తెలిసికొనుటయే మన పని. మోటారు బండిలో పోవువానికి అవి కానరావు. సైకిలుపై పోవువాడు ప్రతి ఎత్తును కాళ్లతో కొలుచును. ప్రతి పలకను చదువుటకు వానికి తీరిక చిక్కును.

1. వాహనము

కొండ సైకిలు పుట్టినది ఫ్రాన్సులో కాదు. 1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్లను బాగుచేసి కొండదారులలో దిగసాగిరి. అదియే దీనికి మొదలు. 1996లో ఈ పందెము ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఫ్రెంచివారు దీనిని ‘అన్ని నేలల సైకిలు’ అందురు. వారిలో జూలియన్ అబ్సలాన్ 2004, 2008 సంవత్సరములందును, పోలీన్ ఫెరాన్-ప్రేవో 2024లో పారిస్ క్రీడలందును స్వర్ణపతకములు గెలిచిరి.

దీని టైర్లు వెడల్పు. వానిలో గాలి తక్కువ. అందువలన టైరు రాతిపై కొంచెము నొక్కుకొని నేలను గట్టిగా పట్టుకొనును. ముందు చక్రమునకు అదురును మ్రింగు ఏర్పాటు కలదు. అన్నిటికంటె ముఖ్యమైనవి గేర్లు. పెడలు వద్దనున్న పండ్లచక్రమునకు 32 పండ్లు, వెనుక చక్రము వద్దనున్నదానికి 50 పండ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒకసారి తిరిగినచో చక్రము 32/50, అనగా 0.64 వంతు తిరుగును. చక్రము చుట్టుకొలత 2.3 మీటర్లయినచో సైకిలు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే సాగును. గొలుసును వెనుక 10 పండ్ల చక్రముపైకి మార్చినచో అదే త్రిప్పుటకు ఏడు మీటర్లకు పైగా పోవును. కొండ ఎక్కునపుడు మొదటిది, చదును నేలపై రెండవది ఉపయోగించును. కొండను ఎక్కుటకు చేయవలసిన పని తగ్గదు. అది అనేకమైన చిన్న త్రొక్కులుగా పంచబడునంతే.

2. కొండయు వానయు

ఉత్తర దేశమగు అల్సాస్‌లో ద్రాక్ష పండుటకు కారణము వోజ్ పర్వతములు. పడమటి గాలులు తెచ్చు మేఘములు ఆ కొండలపై వర్షించి, తూర్పువైపునకు వచ్చునప్పటికి తేలికపడును. కోల్మార్ పట్టణమున సంవత్సరమునకు కురియు వాన సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే. కొండ శిఖరములపై అంతకు రెట్టింపునకు మించి కురియును. శిఖరములలో ఎత్తైన గ్రాన్ బలోన్ 1,424 మీటర్లు.

తోటలు మైదానమున గాక వాలున ఉండుటకు మరి రెండు హేతువులున్నవి. తూర్పునకో దక్షిణమునకో తిరిగిన వాలుపై ఎండ నిలువుగా పడును. రాత్రివేళ చల్లని గాలి బరువై క్రిందికి జారిపోవును గనుక లేత చివుళ్లకు మంచు బాధ తగ్గును. సాయంకాలము వాలునుండి మైదానమునకు సైకిలుపై దిగువారికి ఈ చల్లని గాలి చెంపలకు తగిలియే తెలియును.

3. టైరు క్రింది నేల

మూడు నాలుగు కోట్ల సంవత్సరముల క్రిందట రైను లోయ క్రుంగినపుడు దాని అంచులందలి పొరలు ముక్కలై ఒరిగెను. అందుచేత అచ్చట కొద్ది దూరములోనే నేల మారిపోవుచుండును. కైజర్స్‌బర్గ్ పైనున్న ష్లాస్‌బర్గ్ వాలు గ్రానైటు నేల. టైరు క్రింద గరుకు ఇసుక కరకరలాడును. హునావిర్ పైనున్న రోజాకర్ సున్నపురాతి నేల. వాన కురిసినచో అచ్చటి బంక టైరును పట్టును. దక్షిణమున తాన్ వద్ద రంగెన్ అను నిటారు వాలు అగ్నిపర్వత శిలలమయము. ఒకే జాతి తీగ ఈ మూడు నేలలలో మూడు విధములైన రుచుల కాయును. ఈ భేదము వలననే 1975 మొదలు ఉత్తమమైన వాలులకు వేరువేరు పేర్లతో ప్రభుత్వపు గుర్తింపు లభించెను. ఇప్పుడట్టివి 51 కలవు. మొదట గుర్తింపు పొందినది ష్లాస్‌బర్గ్.

4. వాలులపై నిలిచిన మాటలు

ష్లాస్‌బర్గ్ అనగా కోటకొండ. ట్యూర్క్‌హైమ్ వద్ద బ్రాంట్ అను వాలు కలదు. ఆ మాటకు అర్థము మంట. బెబ్లెన్‌హైమ్ వద్దనున్న సొన్నెన్‌గ్లాంట్స్ అనగా సూర్యకాంతి. ఈ మాటలేవియు ఫ్రెంచి కావు. జర్మను కుటుంబమునకు చెందినవి. ఫ్రెంచి దేశపు కొండలకు ఈ పేర్లెట్లు వచ్చినవి?

అల్సాస్ ప్రజల ఇంటి భాష అల్సేషియను. అది జర్మను మాండలికము. 1871లో ఈ సీమ జర్మనీ వశమయ్యెను. 1918లో ఫ్రాన్సునకు వచ్చెను. 1940లో మరల జర్మనీ ఆక్రమించెను. 1945 నాటికి మరల ఫ్రాన్సున చేరెను. ఆల్ఫోన్సు డోడే రచించిన ‘కడపటి పాఠము’ అను కథ మొదటి మార్పునకు సంబంధించినది. అందు ఫ్రెంచి బోధన ఆగిపోవుటను గూర్చిన దుఃఖము కలదు. అయితే అట్టి పల్లెలలో పెక్కుమంది పిల్లలకు ఇంట పలుకుబడి ఫ్రెంచి కాదు, అల్సేషియను అను సంగతి కూడ ఎరిగి ఆ కథను చదువవలెను.

1940 తరువాత జర్మను పాలకులు ఫ్రెంచిని నిషేధించి, వీధుల పేర్లను, మనుష్యుల పేర్లను సైతము మార్చిరి. 1945 తరువాత ఫ్రెంచి ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలలో జర్మను బోధనను ఆపివేసెను. ఇంటి మాట క్రమముగ బడిలో సిగ్గుపడవలసిన మాటయయ్యెను. తల్లిదండ్రులు పిల్లల మేలు కోరి వారితో ఫ్రెంచిలోనే మాటలాడసాగిరి. ఈనాడు తాతల నోట వినబడునంతగా మనుమల నోట అల్సేషియను వినబడదు. 1990 దశకము మొదలు కొన్ని పాఠశాలలలో సగము కాలము ఫ్రెంచిలోను, సగము కాలము జర్మనులోను బోధించు తరగతులు ఏర్పడినవి.

రెండు భాషలుండుట లోపము కాదనుటకు కైజర్స్‌బర్గ్‌లో 1875లో జన్మించిన ఆల్బర్ట్ ష్వైట్జర్ సాక్షి. ఆయన సంగీతకర్త బాఖ్‌ను గూర్చిన గ్రంథమును మొదట ఫ్రెంచిలో వ్రాసి, పిమ్మట జర్మనులో భాషాంతరము చేయక క్రొత్తగా వ్రాసెను.

బజారున ఒక భాషయు, ఇంట తెలుగును కల మన కుటుంబములకు ఈ చరిత్ర కొంత తెలిసినట్లే తోచును. అచ్చట కొండ పేరు నిలిచినది. దాని అర్థము మాత్రము అడుగకున్న పిల్లలకు తెలియదు. ఇంటిలో పలుకబడనిచో పలకపై మిగిలిన మాట వట్టి గుర్తగును.

5. బాట మర్యాద

1944 డిసెంబరులో ఈ కొండల వద్ద ఘోర యుద్ధము జరిగి బెన్విర్, సిగోల్స్‌హైమ్ వంటి గ్రామములు నేలమట్టమాయెను. సమీపమున రిక్విర్ తన ప్రాచీన గృహములతో మిగిలెను. క్రొత్త ఇండ్ల ఊరినుండి పాత ఇండ్ల ఊరికి సైకిలుపై పోవుటకు ఎంతోసేపు పట్టదు. ఆ ధ్వంసము నుండి తోటలను మరల నిలిపినవారు అచ్చటి రైతులే. కనుక అట్టి బాటపై పోవువానికి కొన్ని నియమములు తగును.

బాట పొలమునకు దారి. ట్రాక్టరునకు ముందు త్రోవ ఈయవలెను. కాయ కోయరాదు. వాలుపై చక్రము జారునట్లు బ్రేకు నొక్కరాదు. అట్లు గీచిన గాడిలో వాననీరు పారి మట్టిని కోసివేయును. సెప్టెంబరు, అక్టోబరు కోతల కాలమున కొన్ని గ్రామములు తోటలబాటలను మూయును. అప్పుడు వేరుదారిన పోవలెను. అడవిలో 1872లో స్థాపితమైన వోజ్ సంఘమువారు చెట్లపై ఎర్రని దీర్ఘచతురస్రములు, నీలి సిలువలు, పసుపు వృత్తములు మొదలగు గుర్తులుంచిరి. ఏ భాషవారికైనను అవి దారి చూపును; కాని ముఖ్యముగ అవి పాదచారులవి గనుక, వారు కనబడినపుడు సైకిలు ఆగవలెను.

ఆలోచింపుడు

1. ముందు 30 పండ్లు, వెనుక 45 పండ్లు ఉన్నచో, పెడలు ఒకసారి తిరిగినపుడు చక్రము ఎంత వంతు తిరుగును?

2. కోల్మార్‌లో వాన తక్కువగుటకు కారణమేమి?

3. మీ ఊరిలోని గుట్టలు, చెరువులు, పొలములలో తెలుగు పేర్లు కలవి ఏవి? వాని అర్థములను ఇంటిలోని పెద్దలనడిగి వ్రాయుడు.