సలమాంకాలో ఏడింటికే ఆకలేస్తే?

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోవడానికి స్పెయిన్‌లోని సలమాంకా వెళ్లి వారమైంది. వేళకు తిండి దొరకడం లేదంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: కంగారు పడకండమ్మా. అక్కడ మధ్యాహ్న భోజనమే రెండు దాటాక, రాత్రిది తొమ్మిదికి పైన. ఏడింటికి వెళితే చాలా హోటళ్లలో పొయ్యే వెలగదు. ఆదివారం కొట్లు చాలావరకు బంద్. శనివారమే బియ్యం, పెరుగు తెచ్చిపెట్టుకోమనండి. కందిపప్పు కోసం తిరగొద్దు. 'లెంతేహాస్' అని అడిగితే మసూర్ జాతి పప్పే ఇస్తారు. ఇంగువ పోపు పడితే అదీ మన పప్పే!

అంతకన్నా ముఖ్యం కాగితాలు. ఆరు నెలలు మించిన చదువైతే, దిగిన నెలలోపు విదేశీయుల కార్డుకు దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, ఇవాళే మొదలెట్టమనండి.

తీరిక దొరికితే, 1218లో పుట్టిన సలమాంకా యూనివర్సిటీ ముఖద్వారం మీద పుర్రెపై కూర్చున్న కప్పను వెతకమనండి. కనబడితే పరీక్ష గట్టెక్కినట్టేనని విద్యార్థుల నమ్మకం. నాకైతే మెడ పట్టేసింది గానీ కప్ప కనబడలేదు.