బందరు ఎంత దూరం?

దూరాన్ని కోసులతోను, ఆమడలతోను కొలిచిన కాలం ఒకటుండేది. సుమారు రెండు మైళ్ళు ఒక కోసు; నాలుగు కోసులు ఒక ఆమడ. విజయవాడ నుండి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు, అనగా ఐదు ఆమడలకు పైబడిన దారి. కాలినడకన పోయేవారికి నడుమ రాత్రి బస తప్పనిసరి. పొద్దుగుంకేలోపు ఇల్లు చేరగల మేరలోనే సామాన్యుల సంతలు, చదువులు, వియ్యాలు సాగేవి.

ఈ హద్దును మొదట సడలించినవి కాలువలు. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తయింది. దాని నుండి బయలుదేరిన కాలువలు పైరుకు నీటినీ, పడవకు బాటనూ ఇచ్చాయి. బందరు కాలువపై రేవుపట్టణానికి, ఏలూరు కాలువపై గోదావరి సీమకు, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసుకు ధాన్యం, జనం తరలేవి. తెరచాపకు గాలి అందని వేళ పడవవారు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. మోసే శ్రమ తగ్గింది గాని, పట్టే కాలం అంతగా తగ్గలేదు.

కాలాన్ని కుదించినది రైలు. 1893లో కృష్ణపై రైలువంతెన వెలసింది. 1908లో బందరుకు రైలుమార్గం ఏర్పడింది. అయితే పట్టాలున్న ఊళ్ళకే రైలు పోగలదు. పల్లె ముంగిటికి ప్రయాణాన్ని తెచ్చినది బస్సు. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయి గుంటూరు సీమకు రోడ్డుదారి సుగమమైంది. 1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. పడవల రేవులు క్రమంగా నిర్మానుష్యమైనాయి. నేడు బందరు రెండు గంటల ప్రయాణం. ఉదయం వెళ్ళి సాయంత్రానికి మరలి రావచ్చు.

కాని దారి ఉన్నంత మాత్రాన దూరం అందరికీ సమంగా తగ్గదు. ఇంట ఒకే మోటారుసైకిలు ఉంటే అది తరచు మగవారి పాలవుతుంది. కూలికి పోయే స్త్రీకి, కళాశాలకు వచ్చే బాలికకు బస్సే ఆధారం. టికెట్టు భారమైనా, చివరి బస్సు ముందే వెళ్ళిపోయినా, పొరుగూరి కళాశాల సైతం ఆమెకు ఆమడ దూరమే! 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. దానితో ఒక అడ్డు తొలగింది. వేళకు బస్సు రావడమనేది వేరొక అవసరం.

కావున రవాణా ప్రగతిని వేగంతో మాత్రమే కొలవరాదు. ఎవరెవరు ఎంత దూరం పోయి, క్షేమంగా తిరిగి రాగలుగుతున్నారన్నదే సరియైన కొలమానం.

అర్థాలు
ముంగిలి = ఇంటి ముందుభాగం
సుగమం = సులభంగా పోదగినది
నిర్మానుష్యం = మనుషులు లేనిది

ప్రశ్నలు
1. కాలువలు ప్రజల ప్రయాణాలను ఎట్లా మార్చాయి?
2. ‘దూరం అందరికీ సమంగా తగ్గదు’ – మీ ఊరి పరిస్థితులను ఆధారం చేసుకొని వివరించండి.