పశువులతో కాపురం ఉండే చోటు కొంటున్నారా? ఇంటికన్నా ముందు దొడ్డి చూడండి

ప్రత్తిపాడు: ట్రాక్టర్లు వచ్చాక అరకకు ఎద్దుల అవసరం తగ్గిన మాట నిజమే. అయినా ఒంగోలు జత మీద మన రైతుకు మోజు తగ్గలేదు. సంక్రాంతికి, తిరునాళ్ళకు బండలాగుడు పందేలకు ఎడ్లను మేపేవారు కొందరైతే, రెండు గేదెల పాడితో ఇల్లు గడుపుకునేవారు ఎందరో. ఊళ్ళో చూస్తే అన్నదమ్ముల వాటాలతో దొడ్లు ఇరుకైపోయాయి. వామి వేయడానికి జాగా లేదు. సిమెంటు రోడ్డు మీద పేడ పడితే ఇరుగుపొరుగుతో తగాదా. అందుకే మిర్చి కలిసొచ్చిన ఏడు నాలుగు డబ్బులు చేతిలో పడగానే, ఊరి బయట చిన్న ఇల్లున్న అర ఎకరమో ఎకరమో కొని, గొడ్లను అక్కడికే తోలుకుపోదామని చాలామంది చూస్తుంటారు.

ఆలోచన మంచిదే. కాని బేరానికి వెళ్ళినవారు ముందు స్లాబు చూస్తారు, గదులు లెక్కపెడతారు. ఇల్లు బాగా లేకపోతే తర్వాత బాగు చేయించుకోవచ్చు. మెరక, నీరు, దారి బాగా లేకపోతే మాత్రం చిన్న రైతు వల్ల కాదు. కాబట్టి ముందు పశువు కోసం చూడాలి, ఆ తర్వాతే మనిషి కోసం.

ఎంత జాగా కావాలి?

పెద్ద పశువుకు నీడలో 40, ఆరుబయట 80 చదరపు అడుగులు ఉండాలి. రెండెడ్లు, రెండు గేదెలు అనుకుంటే మొత్తం 480 చదరపు అడుగులు. సెంటంటే సుమారు 435 చదరపు అడుగులు కనుక, కట్టేసేందుకు సెంటు పైచిలుకు చాలు. అసలు జాగా పట్టేది మేతకు. పశువుకు రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున నాలుగింటికి ఏడాదికి 8,760 కిలోలు కావాలి. పత్తి, మిర్చి వేసే మన మెట్టలో వరిగడ్డి ఎక్కడిది? జొన్న చొప్ప దాచుకోవాలి, లేదా డెల్టా నుంచి గడ్డి తోలించుకోవాలి. తెచ్చినది తడవకుండా వామి వేయాలి.

అర ఎకరాన్ని ఇలా పంచుకోవచ్చు: ఇల్లు, వాకిలి 5 సెంట్లు, గొడ్లచావిడి, ఆరుబయలు 2 సెంట్లు, వామి, పెంటదిబ్బ 5 సెంట్లు, బండి తిరగడానికి, నీడ చెట్లకు 13 సెంట్లు, పచ్చగడ్డి మడికి 25 సెంట్లు. నీరు బాగా అందితే ఆ 25 సెంట్ల హైబ్రిడ్ నేపియర్ గడ్డి రెండు మూడు పశువులకు సరిపోతుంది.

రెండుసార్లు వెళ్ళి చూడండి

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద పైపైన పునాది వేసిన ఇల్లు నిలవదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు, పట్టేసిన తలుపులు కనిపిస్తే అనుమానించాలి. కొత్తగా సున్నం కొట్టిన గోడ అయితే మరీ జాగ్రత్త.

ఎండలో ఒకసారి, పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్ళండి. వాన నీరు ఎటు పోతోంది, ఎంతసేపు నిలుస్తోంది చూడండి. నల్లమడ వాగు పొంగినప్పుడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో అమ్మేవారిని కాదు, పక్క చేల వారిని అడగండి. బురదలో నిలబడిన పశువుకు గిట్టలు పుళ్ళుపడతాయి, పాడిగేదెకు పొదుగువాపు వస్తుంది. పల్లపు చోటు చవకగా వస్తోందని కొంటే, మిగిలిన డబ్బు మందులకే పోతుంది.

నీళ్ళు నోట పోసుకుని చూడండి

వేసవిలో పాలిచ్చే గేదె తాగడానికే రోజుకు 60 నుంచి 80 లీటర్లు కావాలి. కడగడానికి వేరే. బోరు ఉందని చెబితే సరిపోదు. ఉప్పు తగిలే బోర్లు మన వైపు తక్కువేం కాదు. మే నెలలో నీరు పట్టి పరీక్ష చేయించండి. లీటరుకు 3,000 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే పశువుకు పరవాలేదు. 5,000 దాటితే పాడిపశువుకు, చూడిపశువుకు పెట్టకపోవడమే మేలు. సాగర్ కాలువ నీటితో నిండే చెరువును నమ్ముకుంటే, కాలువ కట్టేసిన నెలల్లో ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి.

డొంక ఉందా, గట్టు మీద నడకేనా?

గడ్డి ట్రాక్టరు లోపలికి రావాలి. అర్ధరాత్రి గేదె ఈనలేకపోతే పశువుల డాక్టరు రావాలి. "మా బాబాయి చేలోంచి వెళ్తున్నాం, ఎవరూ అడ్డుపెట్టరు" అనే మాట ఆ బాబాయి ఉన్నంతకాలమే చెల్లుతుంది. సర్వే పటంలో డొంక ఉందో లేదో చూడండి. పక్కవారి భూమిలోంచి దారి అయితే, వారి సంతకంతో ఆ హక్కును వెడల్పుతో సహా దస్తావేజులో రాయించి రిజిస్టరు చేయించండి.

పక్క చేలో ఏ పంట?

చుట్టూ మిర్చి, పత్తి ఉంటే మందు పిచికారీ తప్పదు. గాలివాటున అది గడ్డి మీద, తొట్టి మీద పడుతుంది. కాబట్టి గడ్డి మడి, నీళ్ళతొట్టి గట్టు పక్కన పెట్టకూడదు. మధ్యలో రెండు వరసల చెట్లు వేసుకోవాలి. పశువు చొంగ కారుస్తూ, వణుకుతూ, ఊపిరాడక ఇబ్బంది పడితే పురుగుమందు తగిలిందేమో అని వెంటనే డాక్టరును పిలవాలి. కొన్ని మందులకు అట్రోపిన్ సూది విరుగుడు, ఆలస్యమైతే దక్కదు. పక్క చేలో జొన్న కోసిన మోళ్ళు చిగురిస్తే పశువును అటు పోనివ్వకండి, నాము కొడుతుంది.

కాగితాలు

అడంగల్, 1-బి, లింకు దస్తావేజులు, కనీసం 30 ఏళ్ళ ఇ.సి. చూడాలి. భూమి 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో కనుక్కోవాలి. డి పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వర్తిస్తుంది. "అందరూ కొంటున్నారు" అన్న మాట విని డబ్బు కట్టొద్దు. సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్ళు పాతించుకోవాలి. ఇంటికి పంచాయతీ అనుమతి ఉందో లేదో అడగాలి.

చావిడి ఎలా వేయాలి?

పొడవు తూర్పు పడమరలుగా వేస్తే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. నేలను గ్రావెల్‌తో అడుగున్నర ఎత్తు లేపి, గట్టిగా దిమ్మిస కొట్టించాలి. ప్రతి 5 అడుగులకు అంగుళం చొప్పున కాలువ వైపు వాలు ఇవ్వాలి. నేల మరీ నున్నగా ఉంటే ఎద్దు కాలు జారుతుంది, గరుకుగా ఉంచాలి. ఒంగోలు జాతి పోషణపై సందేహాలుంటే గుంటూరు దగ్గర లాంలోని పశు పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకోవచ్చు.

బయానా ఇచ్చే ముందు

వానలో చూశారా? వేసవిలో నీరు పరీక్ష చేయించారా? దారి కాగితం మీద ఉందా? 22-ఎ జాబితా చూశారా? ఈ నాలుగింటికీ "అవును" అనగలిగితేనే డబ్బు తీయండి. ఒక్కదానికి "తర్వాత చూద్దాంలే" అనిపించినా ఆగండి. చోటు పోతే ఇంకొకటి దొరుకుతుంది. మిర్చి మళ్ళీ అంత కలిసొచ్చే ఏడు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.