ఇంజిన్ ఆఖరున కొను

మేనల్లుడా,

పెరట్లో బొమ్మ రైలు వేస్తానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఆమెకు పిచ్చిగా తోచింది గానీ నాకు నచ్చింది. మీ మునగాల మీదుగా హైదరాబాదు–విజయవాడ హైవే పోతుంది తప్ప రైలు రాలేదు. ఎక్కాలంటే మిర్యాలగూడకో ఖమ్మానికో పోవాల్సిందే. ఊళ్లో మొదటి పట్టాలు మీ పెరట్లో పడితే తప్పేముంది?

ఇంజిన్ కోసం తొందరపడకు, ముందు కొలత తేల్చుకో. జర్మనీలో లేమాన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో తోటల్లో నడిచే రైళ్లు తెచ్చింది. వాటి పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, బండి అసలుదానిలో 22.5వ వంతు. మన మీటర్ గేజి 1000 మిల్లీమీటర్లను 22.5తో భాగించి చూడు, 44.4 వస్తుంది. అంటే ఒకప్పటి గుంటూరు–మాచర్ల మీటర్ గేజి బండి ఆ పట్టాల మీద చక్కగా కూర్చుంటుంది. వందే భారతే కావాలని మొండికేయకు. బ్రాడ్ గేజి 1676, అదే లెక్కన 74 మిల్లీమీటర్ల పట్టా కావాలి, అది అంగట్లో దొరకదు. స్టేషను కూడా ఈ లెక్కతోనే కట్టు: ఏడడుగుల తలుపు నాలుగంగుళాలకు కాస్త తక్కువవుతుంది. అడుగు ఎత్తు మరువం మొక్క 22 అడుగుల చెట్టవుతుంది. తులసి జోలికి మాత్రం పోకు, మీ అమ్మ ఊరుకోదు.

అసలు పని నేలతోనే. మీ పెరడు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నేరుగా దాని మీద పట్టాలు పరిస్తే ఏడాది తిరక్కుండా వంకర పోతాయి. అడుగు వెడల్పున, జానెడు లోతున కాలవ తవ్వి, మొరం పోసి దిమ్మిస కొట్టించు. పైన బేబీ చిప్స్, అంటే సన్న కంకర, పరుచు. నీళ్లు కిందికి దిగిపోవాలి, అందుకే సిమెంటు వద్దంటాను. మేస్త్రీ నీళ్ల ట్యూబు అడిగి తెచ్చుకుని మట్టం చూసుకో. ఎత్తు ఎక్కించక తప్పకపోతే మీటరుకు రెండు సెంటీమీటర్లు, అంతకు మించితే ఇంజిన్ జారుతుంది. ఎల్‌జీబీ మలుపు 60 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి కూడా దొరుకుతుంది గానీ పొడుగు పెట్టెలు అక్కడ వికారంగా కనిపిస్తాయి. చోటుంటే దానికి రెట్టింపు వెయ్యి.

ఎండ సంగతి తోట రైళ్ల పుస్తకాల్లో మన లెక్కన ఉండదు. పది మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది. చలి ఉదయాన వేస్తుంటే ఆ మేరకు అతుకుల దగ్గర సందులు వదులు. ఎక్కడా గట్టిగా బిగించకు, కంకర మీద వదులుగా ఉండనీ.

కరెంటు పట్టాల్లోంచి ఇవ్వొచ్చు, కానీ హైవే దుమ్ముకు రోజూ తుడవాలి. బండిలోనే బ్యాటరీ పెట్టుకో. ఆడుకున్నాక బండిని ఇంట్లోకి తెచ్చుకో, లేకపోతే కోతులు పెట్టెలు పట్టుకుపోతాయి. నవ్వకు, నిజమే చెబుతున్నాను.

పుణె వెళ్లే పని పడితే జోషీల మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి రా. అది ఇంటి లోపలిదే అయినా సిగ్నళ్ల పద్ధతి అర్థమవుతుంది.

ఈ వానాకాలం ఏమీ తవ్వకు. పెరట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తులు పెట్టుకో. దసరా నాటికి కాగితం మీద గీత గీసి పంపు. నేను చూశాకే పట్టాలకు డబ్బు కట్టు.

నీ మేనమామ